ఎండకు ఉడికేవి, మంటకు వేగేవి

భోజనశాల వల్ల వాతావరణంలో చేరే కర్బనాన్ని లెక్కగట్టేవారు దాన్ని సాధారణంగా మూడు పద్దుల కింద రాస్తారు. గోడకూ కప్పుకూ వాడిన ఇటుక, సిమెంటు, ఉక్కు తయారయ్యేటప్పుడే వెలువడిన కర్బనం మొదటి పద్దు; కట్టడంలో ముందే దాగి ఉన్నది కాబట్టి దీన్ని నిహిత కర్బనం అంటారు. తలుపులు తెరిచిన నాటి నుంచి పొయ్యికీ దీపాలకూ చల్లదనానికీ రోజూ ఖర్చయ్యే ఇంధనానిది రెండో పద్దు. వడ్డించే పదార్థం పొలంలో పండి, బండెక్కి, వంటింటికి చేరే లోపలా, తినగా మిగిలి కుప్పలో కుళ్లేటప్పుడూ వదిలే వాయువులది మూడోది. భవనాలు కట్టేవారు వీటిని ఇదే వరుసలో పట్టించుకుంటారు. ముందు నక్షా గీసి, తర్వాత యంత్రాలు బిగించి, ఏం వండాలన్నది ఆఖరున వంటవారికి వదిలేయడం పరిపాటి. ఈ వరుస తిరగబడాలని, ఏం వండుతారన్న జాబితాతోనే భవనం నక్షా మొదలుకావాలని, తిరుమల, పుదుచ్చేరి పక్కనున్న ఆరోవిల్, తిరువనంతపురం ఈ మూడు చోట్ల ఉన్న మూడు భోజనశాలలను ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ దక్షిణానికి వెళ్లేవారికి గట్టిగా తోస్తుంది. వాటిలో మొదటిది దేవస్థానానిది, రెండోది ఒక ఆశయం కోసం కలిసి బతికే సముదాయానిది. తెలుగువారు హోటల్ అని పిలిచే చోటు, అంటే డబ్బిచ్చి తిని లేచి వచ్చే చోటు, మూడోదొక్కటే.

తిరుమలలో నిత్యాన్నదాన పథకం 1985 ఏప్రిల్ 6న, ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, ఆయన చేతుల మీదుగా మొదలైంది. తొలినాళ్లలో రోజుకు 2,000 మంది యాత్రికులకు పెట్టిన ఆ అన్నం తర్వాతి కాలంలో ఎన్నో రెట్లు పెరిగి, 2011లో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరిట ప్రారంభమైన అన్నప్రసాద భవనానికి చేరింది. అక్కడి నాలుగు హాళ్లలో ఒక్కోదానిలో సుమారు వెయ్యి మంది ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. కొండకు వచ్చినవారికి అన్నం పెట్టిందని భక్తులు తలుచుకునే కవయిత్రి పేరు ఆ భవనానికి పెట్టడం సముచితంగా ఉంది. ఇంత మందికి వండే చోట వంటగది అనే మాట చిన్నదైపోతుంది. అది నిజానికి వేడిని పుట్టించి, మోసి, పంచే ఒక కర్మాగారం. పూర్వం పెళ్లిళ్లకూ జాతరలకూ నేలలో పొడుగ్గా తవ్వి కట్టెలు పేర్చే గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కించి వండేవారు. ఆ పొయ్యిలో పుట్టిన వేడిలో ఎక్కువ భాగం గుండిగకు అందక గాలిలో కలిసిపోతుంది, ఆ గాలిలోనే నిలబడి వండేవారి ఒళ్లు కాలుతుంది.

2002లో తిరుమలలో వంట కోసం సౌరశక్తితో ఆవిరి పుట్టించే ఏర్పాటు జరిగింది. 106 అద్దాల పళ్లేలు, రోజుకు సుమారు 4,000 కిలోల ఆవిరి, దాదాపు 15,000 మందికి వంట, ఇవి ఆ ఏర్పాటుకు చెప్పిన లెక్కలు. ఆ పళ్లేలను భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ రూపొందించినందువల్ల షెఫ్లర్ పళ్లేలు అంటారు. మామూలు సౌర పళ్లెం తిరగేసిన గొడుగులా సూర్యుడికి ఎదురుగా ఉంటుంది, దాని వేడి కేంద్రం ముందు గాలిలో వేలాడుతూ పళ్లెంతో పాటే కదులుతుంది. అంటే వంటవాడు గిన్నె పట్టుకుని సూర్యుడి వెంట తిరగాలి. షెఫ్లర్ చేసిందేమిటంటే, ఆ గొడుగులో నడిమి భాగాన్ని కాక ఒక పక్క ముక్కను తీసుకుని, భూమి అక్షానికి సమాంతరంగా నిలిపిన ఇరుసు మీద గంటకు 15 డిగ్రీల చొప్పున తిరిగేలా అమర్చాడు. భూమి ఎంత వేగంగా తిరుగుతోందో పళ్లెం అంత వేగంతో ఎదురు తిరుగుతుంది కాబట్టి వేడి కేంద్రం రోజంతా ఒకే చోట నిలుస్తుంది, ఆ చోట నీటి పాత్ర పెడితే చాలు. రుతువుతో పాటు సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరిగినప్పుడు పళ్లెం వంపును కొద్దికొద్దిగా సవరిస్తూ ఉండాలి, అది మనిషి చేతి పని.

ఆవిరితో వండడంలో ఉన్న సుగుణం ఇంధనం ఆదా ఒక్కటే కాదు. కిలో నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా కాచడానికి ఎంత వేడి పడుతుందో, ఆ మరిగిన నీరు ఆవిరి కావడానికి అంతకు ఏడెనిమిది రెట్లు పడుతుంది. ఆ వేడినంతా ఆవిరి గొట్టాల గుండా మోసుకుపోయి, చల్లటి గుండిగ గోడ తగలగానే తిరిగి నీరుగా మారుతూ అక్కడ దింపేస్తుంది. మంట లాగా ఒక్కచోట మండదు, గుండిగ చుట్టూ ఒకే తీరున వేడెక్కుతుంది, అందుకే అడుగంటదు. గరిటె పట్టి గంటల తరబడి కలియబెట్టే శ్రమ తగ్గుతుంది. సముద్రమట్టానికి 850 మీటర్ల ఎత్తున ఉన్న తిరుమలలో గాలి ఒత్తిడి తక్కువై నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మూత లేని గిన్నెలో పప్పు మైదానంలో కన్నా ఆలస్యంగా మెత్తబడుతుంది. ఒత్తిడితో వచ్చే ఆవిరికి ఆ ఇబ్బంది ఉండదు. 4,000 కిలోల ఆవిరి పుట్టించడానికి డీజిల్ బాయిలర్ అయితే రోజుకు 300 లీటర్ల పైచిలుకు కాల్చవలసి వస్తుందని స్థూలంగా లెక్క తేలుతుంది, లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అయితే అద్దాలు ఒడిసిపట్టగలిగేది సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాన్నే. మబ్బు గుండా నలుదిక్కులా చెదిరి వచ్చే వెలుతురు కంటికి ఎంత ప్రకాశంగా కనిపించినా పళ్లేనికి పనికిరాదు. ఈశాన్య రుతుపవనాల వేళ కొండను మంచూ వానా కమ్ముకునే చోట మామూలు బాయిలర్ తోడు లేకుండా ఇటువంటి వంటశాల నడవదు.

అన్నం, పప్పు, సాంబారు, రసం, కూర, చక్కెర పొంగలి, వీటన్నిటికీ ఉడకడమే ప్రాణం కాబట్టి 100 డిగ్రీల దరిదాపుల వేడి సరిపోతుంది. కానీ పోపు ఉడికేది కాదు. ఆవాలు చిటపటలాడాలన్నా, ఎండుమిరపకాయ నల్లబడకుండా ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలన్నా నూనె 180 డిగ్రీల సమీపానికి కాగాలి, ఆవిరి గుండిగ అంత వేడిని ఇవ్వదు. నాలుగు వేల మందికి సరిపడే సాంబారును ఎండ ఉడికించగలదు, దాని మీద వేసే గరిటెడు పోపుకు మాత్రం మంట కావాలి. 2025 మార్చి నుంచి అన్నప్రసాదంలో వడ కూడా వడ్డిస్తున్నారు. ఆ వడ రుచి భక్తులకు ఎంత ఆనందాన్నిచ్చినా, కర్బనం లెక్క చూసేవారికి అది ఉడికే పద్దు నుంచి వేగే పద్దులోకి చేరిన పదార్థం. తక్కువ కర్బనంతో నడిచే వంటగదిని గీయబోయే వాస్తుశిల్పి మొట్టమొదట గీయవలసిన గీత ఇదే: జాబితాలో ఉడికేవి ఎన్ని, వేగేవి ఎన్ని, కాలేవి ఎన్ని. ఆవిరి గొట్టం ఎక్కడి దాకా పోవాలి, మంట ఎక్కడ ఉండాలి, పొగగూడు ఎంత పెద్దది కావాలి, వేడిగాలి ఏ దిక్కున బయటికి పోవాలి అన్నవన్నీ ఆ గీత నుంచే పుడతాయి.

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు, కాట్పాడి, వేలూరు మీదుగా విల్లుపురం పోయే రైలుమార్గం మధ్యలో తిరువణ్ణామలై వస్తుంది. పంచభూత క్షేత్రాలలో అగ్నిలింగం వెలసినదిగా చెప్పే ఆ ఊరు రెండు సౌర వంటశాలల నడుమ పడడం యాదృచ్ఛికమే అయినా, కిటికీలోంచి అరుణాచలం కనిపించినంతసేపూ ఆ ఆలోచన ప్రయాణికుణ్ని విడవదు. విల్లుపురం దాటి తూర్పుగా సముద్రం వైపు వెళ్తే నేల ఎర్రబడుతుంది. 1968 ఫిబ్రవరి 28న, శ్రీ అరవిందాశ్రమ మాతగా పేరొందిన మీరా అల్ఫాసా సంకల్పంతో, వాస్తుశిల్పి రోజర్ ఆంజే నక్షాతో ఆరోవిల్ స్థాపించినప్పుడు ఈ నేల వానలకు కోసుకుపోయిన గండ్లతో చెట్టన్నది అరుదుగా ఉండేది. ఇప్పుడు అక్కడ పెరిగిన అడవి నీడలో నడుస్తుంటే కాలికి అంటే మట్టి మాత్రం అదే, కుంకుడు రంగుకు తిరిగిన ముదురు ఎరుపు.

ఆ మట్టే అక్కడి గోడ కూడా. సందర్శకుల కేంద్రం, ఫలహారాలు దొరికే దాని ఆవరణతో సహా, స్థిరీకరించిన మట్టి దిమ్మెలతో కట్టినది. పేదల వాస్తుకళకు ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ పేరిట ఇచ్చే పురస్కారం దానికి 1992లో లభించింది. మట్టి దిమ్మె తయారీని దగ్గరగా చూడడం మంచిది. దీనికి బంకమన్ను ఒక్కటే పనికిరాదు. సుమారు సగం ఇసుక, అయిదో వంతు బంక, మిగిలినది గులకా ఒండ్రూ ఉన్న మట్టిని జల్లించి, నూటికి అయిదు పాళ్ల సిమెంటు పొడిపొడిగా కలిపి, పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలిచేటంత మాత్రమే తడి చేస్తారు. దాన్ని ఆరామ్ అనే చేతి యంత్రం అచ్చులో పోసి మూత బిగించి, పొడవాటి లివరును బలం కొద్దీ కిందికి లాగుతారు. తిరిగి పైకెత్తినప్పుడు అచ్చులోంచి పైకి వచ్చే దిమ్మెకు అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉంటాయి. అయినా అప్పటికి అది వేలితో నొక్కితే గుంట పడేటంత పచ్చిది, రెండు అరచేతుల మధ్య పట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా వరుసలో పేరుస్తారు. నాలుగు వారాలు తడి ఆరనివ్వకుండా కాపాడితే రాయిలా గట్టిపడుతుంది. దానికి బట్టీ లేదు, 900 డిగ్రీలకు పైగా కాల్చే బొగ్గు లేదు. పది కిలోల దిమ్మెలో సిమెంటు అర కిలో, కిలో సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ ముప్పాతిక కిలో నుంచి తొమ్మిది వందల గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి, దిమ్మె మొత్తానికి దాని వాటా అర కిలో లోపే. అంతే ఘనపరిమాణం గల కాల్చిన ఇటుకలది దానికి కొన్ని రెట్లుంటుంది, బట్టీ నుంచి లారీలో మోసుకురావడం అదనం.

ఈ దిమ్మెను మెచ్చుకుంటూనే ఒక హెచ్చరిక చేర్చకపోతే భోజనశాల కట్టబోయేవారికి అన్యాయం జరుగుతుంది. మట్టిగోడ వేడిని నెమ్మదిగా పీల్చి నెమ్మదిగా వదులుతుంది, భోజనాల హాలుకు అది వరం. కానీ రోజూ నీళ్లు కొట్టి కడిగే, నూనె ఆవిర్లు పట్టే వంటింటి గోడకు, తడినీ జిడ్డునూ కూడా పీల్చే ఆ స్వభావమే చేటు. అందుకే పునాది నేల నుంచి ఎత్తుగా రాతితోను, కప్పు అంచులు గోడను దాటి బాగా వెలుపలికి, కడిగే చోట ఛాతీ ఎత్తు దాకా పలకలతోను కట్టాలి. మట్టి తవ్విన గుంటను కూడా ముందే ఆలోచించి తవ్వితే అది వాననీటి తొట్టి అవుతుంది, ఆలోచించకపోతే దోమల గుంట అవుతుంది.

సోలార్ కిచెన్ అని ఆరోవిల్‌వాసులందరూ పిలిచే వంటశాలను 1997 నుంచి వాడుతున్నారు. వాస్తుశిల్పి సుహాసిని అయ్యర్. దాని కప్పు మీద 15 మీటర్ల వ్యాసం గల గిన్నె ఒకటి ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంటుంది. సన్నటి ఇనుప వలకు సిమెంటు పట్టించి చేసిన ఫెర్రోసిమెంటు గిన్నె అది, లోపలి వైపు అంతటా దాదాపు 11,000 చిన్న చిన్న అద్దాలు అతికించారు. తిరుమల పళ్లేలు కదులుతాయి, వేడి కేంద్రం కదలదు. ఇక్కడ సరిగ్గా దానికి విరుద్ధం. అంత బరువైన గిన్నెను సూర్యుడి వెంట తిప్పలేరు కనుక గిన్నె స్థిరంగా ఉంటుంది, దాని మీద వేలాడే పొడవాటి గొట్టం లాంటి గ్రాహకమే కదులుతుంది. గోళాకారపు అద్దం కిరణాలన్నిటినీ ఒకే బిందువుకు చేర్చదు, గోళ కేంద్రం గుండా సూర్యుడి దిక్కుగా గీసిన గీత పొడవునా పరుస్తుంది. దూరదర్శినులు చేసేవారు లోపంగా చూసే ఈ గుణాన్నే ఇక్కడ ఉపయోగంగా మార్చుకున్నారు. సూర్యుడు జరిగేకొద్దీ ఆ గీతా జరుగుతుంది, కంప్యూటర్ ఆజ్ఞతో గ్రాహకం ఆ గీత మీదికి ఒరుగుతుంది. అక్కడ పుట్టిన వేడి ఆవిరిగా కిందికి, వంటింటి గుండిగలకు దిగుతుంది. ఎండ బాగా కాసిన రోజున 600 కిలోల దాకా ఆవిరి, వెయ్యి మందికి రెండు పూటల వంటకు చాలినంత, దీని సామర్థ్యం. మబ్బు రోజులకు పక్కనే డీజిల్ బాయిలర్ ఉంది.

కప్పు మీద ఒక యంత్రాన్ని తెచ్చిపెట్టడానికీ, వంట కోసమే కప్పు పుట్టడానికీ ఉన్న తేడా ఈ భవనంలో స్పష్టంగా తెలుస్తుంది. అంత గిన్నె బరువునూ దాని మీద వీచే గాలి తాకిడినీ మోయడానికి కింది స్తంభాలు ఎక్కడ రావాలో, గొట్టాలు దారిలో చల్లారకుండా గుండిగలు ఎంత దగ్గరగా ఉండాలో, గిన్నె మీద ఏ చెట్టు నీడా పడకుండా చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలో ముందే తేలితే తప్ప గోడలు గీయడం సాధ్యం కాదు. వేళ కూడా భవనాన్ని శాసిస్తుంది. గిన్నె బలం మధ్యాహ్నపు బలం. మధ్యాహ్న భోజనం పెట్టే బడులకు, కార్మికుల క్యాంటీన్లకు, అన్నదాన సత్రాలకు ఇది అతికినట్టు సరిపోతుంది. పట్నంలోని హోటలుకు ఆదాయం రాత్రి ఏడు తర్వాత వస్తుంది, అప్పుడు వంటింటికి సూర్యుడు దొరకడు. సౌర వంటను ప్రతి భోజనశాలకూ సిఫారసు చేసేవారు ఈ ఒక్క సంగతిని దాటవేయడం వల్ల, మంచి ఆలోచనకు చెడ్డపేరు వస్తోంది.

ఇక్కడే మూడో పద్దు, పళ్లెంలోని పద్దు, ముందుకొస్తుంది. 600 కిలోల ఆవిరిని డీజిల్‌తో పుట్టిస్తే 50 లీటర్ల దాకా ఖర్చవుతుందని, దాన్నుంచి 130 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని అంచనా వేయవచ్చు. రెండు వేల భోజనాలకు పంచితే భోజనానికి 70 గ్రాముల లోపు. అదే భోజనంలో 100 గ్రాముల బియ్యం ఉడికితే, నిలవ నీటి మడిలో వరి వేళ్ల దగ్గర పుట్టే మీథేన్‌తో కలిపి, ప్రపంచ సగటున కిలో బియ్యానికి సుమారు నాలుగు కిలోల కర్బన వాటా పడుతుంది కనుక, ఆ పిడికెడు బియ్యానిదే 400 గ్రాములు. అంటే ఇంత అద్దాల గిన్నె మిగిల్చిన దానికి అయిదారు రెట్లు పొలంలోనే జరిగిపోయింది. ఈ లెక్క గిన్నెను చిన్నబుచ్చడానికి చేసింది కాదు. వంటింటి కిటికీ పొలం వైపు కూడా తెరుచుకోవాలని చెప్పడానికి. మడిని ఆరబెట్టి మళ్లీ తడిపే పద్ధతిలో పండిన వరి మీథేన్‌ను బాగా తగ్గిస్తుంది. నీరు నిలవని చేలో పండే రాగి, జొన్న, కొర్రలకు ఆ బెడదే లేదు. ఆరోవిల్ పొలాల పంటను సేకరించి పంచే ఫుడ్‌లింక్ కేంద్రం సోలార్ కిచెన్‌కు ఆనుకుని ఉండడం, అన్నపూర్ణ వంటి పొలాలలో సేంద్రియంగా వరి పండడం, ఈ కిటికీ కొంతైనా తెరిచే ఉందనడానికి గుర్తులు. సంకటి ముద్ద ఇంటి తిండిగా ఉన్న రాయలసీమకు ఈ పాఠం కొత్తదేమీ కాదు, మరుపున పడింది అంతే.

కడిగిన నీటి సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. భోజనశాల మురుగులో నూనె ఎక్కువ, అది ముందు జిడ్డు తొట్టిలో తేలి ఆగాలి. ఆ తర్వాత గాలి లేని అరలలో క్రిములు దాన్ని జీర్ణం చేసి, రెల్లు వంటి మొక్కల వేళ్ల గులకపడక గుండా వడకడితే తోటకు పనికొచ్చే నీరవుతుంది. పెద్ద మోటార్లు అవసరం లేని ఈ వికేంద్రీకృత పద్ధతిని ఆరోవిల్‌లో విరివిగా వాడుతున్నారు.

విల్లుపురం నుంచి తిరుచ్చి, మదురై, తిరునెల్వేలి మీదుగా దక్షిణానికి సాగే రైలు నాగర్‌కోయిల్ చేరే ముందు పడమటి కనుమల సందులోంచి వెళ్తుంది. ముప్పందల్ పరిసరాల్లో ఆ సందు గుండా దూసుకొచ్చే గాలికి వందలాది గాలిమరలు, కొండ దాకా, కొబ్బరి తలల పైన తిరుగుతూ కనిపిస్తాయి. ఎండ అందని రాత్రి హోటలుకు, పోపుకూ పెనానికీ, ఈ గాలి పనికొస్తుందా అన్న ప్రశ్న అక్కడ సహజంగా పుడుతుంది. సమాధానం సూటిగా లేదు. భారతదేశపు గ్రిడ్‌లో యూనిట్ విద్యుత్తుకు సగటున 0.7 కిలోల మేర కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, ఎందుకంటే దానిలో పెద్ద భాగం ఇంకా బొగ్గుదే. 19 కిలోల వాణిజ్య సిలిండరు మండితే సుమారు 57 కిలోలు వెలువడుతుంది. ఇండక్షన్ పొయ్యి వేడిని పెద్దగా వృథా చేయదు, గ్యాసు పొయ్యి సగానికి సగం వృథా చేస్తుంది. అయినా నేటి సగటు గ్రిడ్ మీద నడిపితే ఇండక్షన్‌ను కర్బనం విషయంలో మెరుగైనదని చెప్పడం కష్టం. ఆ హోటలు వాడే కరెంటు గాలిదో ఎండదో అయిన నాడు లెక్క పూర్తిగా మారుతుంది. ఈలోగా ఇండక్షన్‌కు ఇంకొక సుగుణం ఉంది, అది కర్బనం పట్టికలో కనబడదు: వృథా అయిన వేడి గదిలో అంతగా చేరదు కాబట్టి పొయ్యి ముందు నిలబడే మనిషికి ఉక్క తగ్గుతుంది.

తిరువనంతపురం రైల్వేస్టేషనుకు, బస్టాండుకు ఎదురుగా తంపానూరులో ఇటుక రంగు స్తంభం లాంటి గుండ్రటి కట్టడం ఒకటి, మెలి తిరిగిన కిటికీల వరుసతో, మొదటి చూపులో కోట బురుజులా ఉంటుంది. అది ఇండియన్ కాఫీ హౌస్. కాఫీ బోర్డు తన కాఫీ దుకాణాలను మూసివేసినప్పుడు ఉద్యోగాలు పోయిన కార్మికులు, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ ప్రోత్సాహంతో, 1957లో బెంగళూరులోను, 1958లో కేరళలోను సహకార సంఘాలుగా ఏర్పడి తామే నడుపుకున్న హోటళ్ల పరంపరలోనిది. దీన్ని రూపొందించినది లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో భారతదేశం వచ్చి, కట్టడానికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ల లోపల దొరకాలన్న గాంధీజీ మాటను జీవితాంతం పట్టుకుని, 2007లో ఈ నగరంలోనే కన్నుమూసిన వాస్తుశిల్పి. కర్బనం లెక్క అనే మాట ఇంకా పుట్టని రోజుల్లోనే ఆయన ఆ లెక్క ప్రకారం కట్టాడు. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో గాలి అర వదిలే ఎలుకబోను కట్టుబడి ఆయన ప్రచారం చేసిన పద్ధతి. గోడకు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి, ఆ గాలి అర వేడిని ఆపుతుంది.

కాఫీ హౌస్‌లో మెట్లు ఎక్కి అంతస్తుకు చేరడమన్నది లేదు. నేల మొత్తం ఒకే ఏటవాలు దారిగా, మధ్యనున్న గుండ్రటి గొట్టం లాంటి భాగం చుట్టూ చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. బయటి గోడ వెంబడి, గోడలో భాగంగానే కట్టిన బల్లలు, పీటలు. వెయిటర్లు తెల్లటి తలపాగాతో, పళ్లేలు చేతబట్టి, ఆ వాలు వెంట ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఒకే వైశాల్యానికి చతురస్రం కన్నా వృత్తానికి చుట్టుకొలత నూటికి పదకొండు పాళ్లు తక్కువ, అంటే అంత గోడ తక్కువ. వంపు తిరిగిన గోడ తిన్నటి గోడ కన్నా సన్నగా ఉన్నా గట్టిగా నిలుస్తుంది. ఇరుకు స్థలంలో ఎక్కువమందిని కూర్చోబెట్టాలన్న హోటలు అవసరం, తక్కువ సామగ్రితో కట్టాలన్న శిల్పి పట్టుదల ఒకే గీతలో కలిశాయి. ఏసీ అవసరం లేకుండా గాలి ఆడడానికి గోడంతా వరుసలుగా వదిలిన జాలీ రంధ్రాలే కారణం. మధ్యాహ్నం వేళ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఆ రంధ్రాల ఎండ నలుచదరపు బిళ్లలుగా బల్ల మీద పడి, కాఫీ చల్లారేలోగా వేలెడు దూరం జరుగుతుంది. కాళ్ల కింద నేల వాలుతోందని శరీరం గుర్తించడానికి కొంత సమయం పడుతుంది, గ్లాసులోని నీరు మాత్రం మొదటి నుంచీ సమంగా నిలబడి ఆ వాలును చూపిస్తూనే ఉంటుంది. ఈ భవనంలో సౌర పలక లేదు, కంప్యూటర్ తిప్పే గ్రాహకం లేదు. ఎలాంటి యంత్రమూ లేనందువల్ల చెడిపోయేదీ లేదు. ముందు చూసిన రెండు చోట్లా లేని ధైర్యం ఇది. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఈ వాలు మరీ నిటారు అన్నది, ఈ కాలపు కళ్లతో చూస్తే, ఒప్పుకోవలసిన కొరత.

ఇక్కడి మసాలా దోసెలో బంగాళాదుంపతో పాటు బీట్‌రూట్ ఉంటుంది. దోసె చీల్చగానే ముదురు గులాబీ రంగు కూర బయటపడుతుంది. ఆ కూర ముందే ఉడికించిన కూర, తిరుమల గుండిగలోనో ఆరోవిల్ గుండిగలోనో నిక్షేపంగా ఎండకు ఉడకగల పదార్థం. దాని చుట్టూ ఉన్న దోసె మాత్రం 200 డిగ్రీల పెనం లేకపోతే పుట్టదు, మొదటి వాయి నుంచి ఆఖరి వాయి దాకా ఆ పెనం ఒక్క నిమిషం కూడా చల్లారకూడదు. ఉడికే కూర ఎండ గిన్నె కిందా, కాలే దోసె గాలిమర కరెంటు మీదా తయారై, రెండూ మట్టి దిమ్మెల చుట్టుగోడలో ఒకే పళ్లెంలో కలిసే హోటలు ఇంకా ఈ దారిలో కనిపించలేదు. దాన్ని గీయడానికి కావలసినవన్నీ మాత్రం తిరుపతికీ తిరువనంతపురానికీ మధ్య విడివిడిగా ఉన్నాయి. మూడు గంటలకు కాఫీ హౌస్‌లో రద్దీ పలచబడుతుంది. పై చుట్టు నుంచి ఖాళీ పళ్లేలు పేర్చుకుని ఒక వెయిటరు వాలు వెంట నెమ్మదిగా దిగుతాడు. పళ్లెంలో మిగిలిన దోసె ముక్కలను, కూరను ఒక డబ్బాలోకి, కాగితాలను వేరొక డబ్బాలోకి దులిపి, వంటింటిలోకి వెళ్తాడు. లోపల పెనం మీద నీళ్లు చిలకరించిన చప్పుడు వినిపిస్తుంది, తర్వాతి దోసె పిండి పడుతుంది.